ప్రభుదాసన్న అతుకుల్లో తప్పు లేదు

పదేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా.

కర్నూలులో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. బోరులో నీళ్లు అయిపోతే మోటారును ఆపే పెట్టెలు చేసేవాళ్లం. పెట్టె లోపల నడిచే ప్రోగ్రాం, అంటే కర్నెల్ కోడ్, నాది. తీగలు అతికేది నందికొట్కూరు ప్రభుదాసన్న. పెట్టెలను పరీక్షించడానికి ఆయన బండి మీదే పొలాలకు పోయేవాళ్లం. వాళ్లమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు గట్టు మీద కూర్చుని తినేవాళ్లం. సన్నగా కీర్తన పాడుకుంటూ ఆయన అతుకులు వేస్తుంటే చూస్తూ ఉండిపోయేవాణ్ణి. అంత హాయిగా మళ్లీ ఎక్కడా పనిచేయలేదు.

ఒక వేసవిలో, కమలాపురం దగ్గర బోరు ఎండినా మా పెట్టె మోటారును ఆపలేదు. మోటారు కాలిపోయింది. కొత్తది దించేలోపు ఆ రైతు చీనీతోటలో బత్తాయి పిందె అంతా రాలిపోయింది. పెట్టెలో అతుకు ఊడిందని మా కంపెనీ యజమాని తేల్చేశాడు.

నేను కోడ్ తీసి చూశాను. నీళ్లు అయిపోయాయన్న గుర్తును ఒక భాగం రాస్తుంది, ఇంకో భాగం దాన్ని చూస్తూ ఉండాలి. ఆ గుర్తు మధ్యలో మారుతుందని, కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌కు నేను చెప్పలేదు. పెట్టెల్లోకి ఎక్కించేటప్పుడు కోడ్ వేగం పెంచమని దాన్ని అడిగాను; దాంతో కోడ్ గుర్తును ఒక్కసారే చదివి, ఇక చూడటం మానేసింది. నా బల్ల మీద వేగం పెంచకుండా నడిపాను, పొలాల్లో పరీక్షించిన రోజుల్లో ఏ బోరూ ఎండలేదు కాబట్టి బయటపడలేదు.

ఆ సాయంత్రం ప్రభుదాసన్న వచ్చి అడిగాడు.

"నీ కోడ్ ఒకతూరి చూసినావా అప్పా?"

"చూసినా. దాంట్లో ఏమీ లేదన్నా."

"అట్లయితే నా చేతిలోనే ఉండాది తప్పు."

వారంలో పని మానేశాడు. నేను కోడ్‌లో ఒక్క వరుస మార్చాను. పెట్టెలు బాగా నడిచాయి. కొత్తవాడి అతుకులు గట్టివన్నారు అందరూ.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కాదు. నన్ను తెలివైనవాడని అందరికంటే ఎక్కువగా నమ్మింది ఆయనే. ఆ నమ్మకం పోగొట్టుకోలేక, ఆయనకు తన చేతుల మీదున్న నమ్మకాన్ని పోగొట్టాను.

మొన్న నందికొట్కూరు వెళ్లాను. ప్రభుదాసన్న ఆటో నడుపుతున్నాడు. ఆ రోజు నుంచి అతుకు పని ముట్టలేదట. పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఇంతలో ఇద్దరు ఎక్కారు. నేను దిగాను. ఆటో కదిలింది.

క్షమించమని అడగలేదు. చెప్పాను, అంతే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కర్నూలు దాకా నిద్రపోయాను.