ఆదివారం వణకని పంపు

అనంతపురంలో డిప్లొమా ముగించి హైదరాబాద్ వచ్చాక, మురుగునీటి పంపులు బాగుచేసే ఒక చిన్న సంస్థలో నాకు ఉద్యోగం దొరికింది. మాదాపూర్ వైపు బండలు పగలగొట్టి అద్దాల భవనాలు కడుతున్న రోజులవి. అట్లాంటి ఒక భవనం వెనక, వాడిన నీళ్లను శుద్ధి చేసే ప్లాంటులో పంపు విపరీతంగా వణుకుతోందని ఫోన్ వస్తే మా మేనేజర్ నన్ను పంపించాడు.

పంపు గది భూమి కింద ఉంది. పంపును నడిపే ఆపరేటర్‌ది పక్కనున్న నానక్‌రామ్‌గూడ. వయసులో నాకంటే చాలా పెద్ద.

"జర చెయ్యి పెట్టి సూడు మేడం" అన్నాడు.

పెట్టాను. నడిచే ఏ పంపుకైనా ఉండే సన్నటి అదురు తప్ప ఇంకేమీ లేదు.

"బాగానే ఉంది కదన్నా?"

ఆయన కూడా చెయ్యి ఆనించి, తీసి, మళ్లీ ఆనించాడు. "ఇందాక గులకరాళ్లు మింగినట్టు సప్పుడు జేసింది. నువ్వొచ్చేసరికి గమ్మునైంది. ఏందో ఏమో!"

వణుకు కొలిచే మీటర్ పెట్టి చూశాను. ముల్లు కదలాల్సినంతే కదిలింది. అయినా వచ్చిన పని కాబట్టి పంపు విప్పాను. లోపలి చక్రానికి గుడ్డపేలికలు చుట్టుకుంటే ఇట్లా అవుతుంది. పేలికలేమీ లేవు. బేరింగు కొంచెం వదులైనట్టు అనిపించి కొత్తది వేశాను. మోటారునూ పంపునూ ఒకే వరుసలోకి సరిచేసి, ఆయనకు చెప్పి వచ్చేశాను.

మరుసటి రోజు మధ్యాహ్నం మళ్లీ ఫోన్. వెళ్లేసరికి పంపు నిజంగానే దడదడలాడుతోంది. నిన్న లేని వణుకు నేను బేరింగు మార్చాక వచ్చిందంటే నేనే సరిగ్గా బిగించలేదేమో అనుకున్నాను. విప్పి చూద్దామని పంపు ఆపించాను. వచ్చీరాగానే పెట్టిన మీటర్ ఇంకా దానికే అతుక్కుని ఉంది. దాని ముల్లు ఒక్కసారిగా ఎగిరింది.

ఆపరేటర్ ముల్లు వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. "పంపు బంద్ ఉన్నది. మరి ఎట్ల వణుకుతున్నది?"

అప్పుడే గోడ అవతల నుంచి డ్రిల్లింగ్ చప్పుడు వినిపించింది. పక్క స్థలంలో పునాదికోసం బండ తొలుస్తున్నారు. అది మొదలైతే ముల్లు లేస్తోంది, ఆగితే పడుతోంది. దొంగ దొరికాడనుకున్నాను.

ఖాయం చేసుకోవడానికి ఆదివారం రమ్మని ఆయన్ని బతిమాలాను. ఆ రోజు బండ కొట్టేవాళ్లకు సెలవు. మురుగునీళ్లు చేరే సంపులో ఉన్న నీళ్లతో పంపు తిప్పి చూశాం. కాస్త వణుకు కూడా లేదు. సోమవారం మేనేజర్‌తో ధైర్యంగా చెప్పాను: "పంపులో ఏ లోపమూ లేదు సార్. అంతా ఆ డ్రిల్లింగ్ వల్లే." ఆయన అదే మాట భవనం వాళ్లకు చెప్పాడు.

ఆ వారంలోనే పక్క స్థలంలో పని అయిపోయి, మిషన్లు లారీ ఎక్కి వెళ్లిపోయాయి. ఆ మధ్యాహ్నమే ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"మేడం, బండ కొట్టేటోళ్లు పోయిండ్రు. పంపు మాత్రం మస్తు వణుకుతున్నది."

అప్పటినుంచి నాకేదీ నమ్మబుద్ధి కాలేదు. రాయదుర్గంలో నేను కిరాయికున్న గదిలో, దూరంగా ఎక్కడో బండ పేల్చినప్పుడల్లా అలమరలో గిన్నెలు గలగలమనేవి. లేచి గోడకు అరచెయ్యి ఆనించేదాన్ని. వణుకు గోడదో, నా చేతిదో తెలిసేది కాదు. ఆఫీసులో మేనేజర్ "ఏదో ఒకటి తేల్చు తల్లీ" అంటే, తేల్చడానికి ఏం మిగిలిందో అర్థంకాక తల ఊపాను.

మళ్లీ పంపు గదికి వెళ్లాను. ఈసారి ఏదీ విప్పలేదు. విప్పడానికి ధైర్యం లేదు. పంపు మామూలుగా నడుస్తోంది. ఆపరేటర్ నా ముఖం చూసి, "ఎందుకంత పరేషాన్ అయితవ్ బిడ్డా, ముందుగాల చాయ్ తాగు" అని కప్పు చేతికిచ్చాడు. 'మేడం' ఎప్పుడు 'బిడ్డ' అయిందో నేను గమనించలేదు.

పైన ఆఫీసులో కూడా టీ వేళ అయినట్టుంది. మా నెత్తిమీద గొట్టాల్లో నీళ్లు హోరుమన్నాయి. కాసేపటికి పంపులో గులకరాళ్ల చప్పుడు మొదలైంది. ఇద్దరం కప్పులు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాం.

"అన్నా, ఆదివారం పైన ఎవరైనా ఉంటారా?"

"ఎవరుంటరు? వాచ్‌మన్ ఒక్కడే."

ఆదివారం డ్రిల్లింగే కాదు, మనుషులు కూడా లేరు! పరుగున వెళ్లి ఇద్దరం సంపు మూత ఎత్తి టార్చి వేశాం. మురుగు తెచ్చే గొట్టం చాలా ఎత్తులో ఉంది. అందులోంచి నీళ్లు ధారగా, సరిగ్గా పంపు పీల్చుకునే చోటే పడుతున్నాయి. అక్కడంతా తెల్లటి నురగ. ఆ నురగ నీళ్లతోపాటు పంపులోకి పోతోంది. అంటే పంపు గాలిని మింగుతోంది; వణుకూ, గులకరాళ్ల చప్పుడూ ఆ గాలివల్లే. పైన అందరూ టీకో భోజనానికో ఒకేసారి లేచి నీళ్లు వాడినప్పుడే ధార అంత జోరుగా పడుతోంది. డ్రిల్లింగ్‌తో వచ్చిన అదురూ అబద్ధం కాదు. కానీ అది వేరు, ఇది వేరు.

ప్లంబరును పిలిపించి గొట్టాన్ని నీళ్ల లోపలిదాకా దింపించాం. నురగ పంపు వైపు పోకుండా మధ్యలో చిన్న ఇటుక గోడ కట్టించాం. మరునాడు టీ వేళకు నేను, ఆపరేటర్ పంపుమీద చేతులు పెట్టి నిలుచున్నాం. పైన నీళ్లు హోరుమన్నాయి. పంపు మామూలుగా తిరుగుతూనే ఉంది.

"అయిపోయినట్టేనా?" అన్నాడాయన.

"అట్లే ఉందన్నా" అన్నాను. ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. ఆఫీసు బస్సులన్నీ వెళ్లిపోయి, పైన గొట్టాలు మూగబోయేదాకా చేతులు తియ్యలేదు.