డెల్మార్ పైకి చదువుతాడు

డెల్మార్ టటిల్ దేన్నీ మనసులో చదువుకోడు. అచ్చు అక్షరం కంటపడితే చాలు, గొంతు సవరించుకుని పైకి చదువుతాడు. ఏళ్ళ తరబడి కాన్సాస్ సంతల్లో పశువుల వేలంపాట పాడిన గొంతు అది. కామా దగ్గర ఆగి, ఫుల్‌స్టాపు దగ్గర ఊపిరి పీల్చుకుని, మొదటి అక్షరం నుంచి అచ్చేసినవాడి చిరునామా దాకా వదలకుండా చదువుతాడు. ఆపమన్నవాళ్ళెవరికీ ఫలితం దక్కలేదు.

అరిజోనా ఎడారిలో, చక్రాల ఇళ్ళు నిలుపుకునే మా ఆర్వీ పార్కుకి నేను వచ్చిన రోజే ఆ సంగతి తెలిసింది. నెబ్రాస్కాలో బేకరీ అమ్మేసి, ఇక చక్రాల ఇంట్లోనే కాలక్షేపం చేద్దామని చిన్న ట్రైలర్ లాక్కుంటూ వచ్చాను. గేటు దగ్గర నియమాల బోర్డు ముందు గడ్డి టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి నిలబడి, కుక్కలను గొలుసు లేకుండా వదలరాదని ఎడారికంతటికీ చాటుతున్నాడు. పక్కన పొట్టిగా, గుండ్రంగా ఉన్న ఇంకొకాయన చేతులు కట్టుకుని వింటున్నాడు. ఆ పొట్టాయన క్లోవిస్ రాంకిన్. నేను పొడుగాయన్ని మేనేజరనుకుని మా కుక్క గొలుసు పైకెత్తి చూపించాను. ఆయన దాని మీదున్న కంపెనీ పేరు కూడా చదివాడు.

తర్వాత మేం ముగ్గురం ఒక జట్టయిపోయాం. పొద్దున్నే హైవే పక్క హోటల్‌కి వెళ్ళేవాళ్ళం. డెల్మార్ మెనూ అందుకుని పాన్‌కేకుల దగ్గర మొదలుపెడితే, ఆఖర్న 'ఆపిల్ పై' అనే తీపి రొట్టె దగ్గరికొచ్చేసరికి మా కాఫీలు చల్లారేవి. మెనూ నిన్నటిదేనని వడ్డించే అమ్మాయి ఎన్నోసార్లు చెప్పి చూసింది. రాత్రికి రాత్రి ఏం మార్చారో ఎవరికి తెలుసని ఆయన వాదన. ఒకరోజు, సరిగా ఉడకని గుడ్లు ఆరోగ్యానికి హానికరం కావచ్చన్న అడుగు వాక్యాన్ని ఎంత భావయుక్తంగా చదివాడంటే, పక్క టేబుల్ పెద్దమనిషి ప్లేటు దూరంగా జరిపేసి బిల్లు తెమ్మన్నాడు.

ఆయనతో సినిమాకి వెళ్ళడం ఇంకో నరకం. కథ అయిపోయి దీపాలు వెలిగాక కూడా, తెర మీద పైకి పోయే పేర్లని లైటు బాయ్‌తో సహా చదివి సాగనంపేవాడు. పార్కులో అందరికీ పాన్‌కేకులు వేసే ఆదివారం పిండి ప్యాకెట్టు ఆయన చేతికిస్తే, చదవడం పూర్తయ్యేలోపు పెనం మాడిపోయింది. నా తలనొప్పి మాత్రల సీసా ఇస్తే, వాటివల్ల వచ్చే తిప్పలన్నీ వరసగా విని, తలనొప్పే నయమని మాత్ర వేసుకోవడం మానేశాను.

ఇంతలో క్లోవిస్ కొత్త ఆర్వీ కొనాలనుకున్నాడు. భార్య విల్మా పోయాక ఊళ్ళో ఇల్లు ఆయనకి అచ్చిరాలేదు. ఇంటిని బేరం పెట్టేశాడు. పాత ట్రైలర్ నేల చివికిపోయి, నడుస్తుంటే పుట్టగొడుగు మీద నడిచినట్టుండేది. ఇక ఏడాది పొడుగునా అందులోనే ఉండాలి కాబట్టి గట్టిది కొంటానన్నాడు. నన్ను కారు నడపమన్నాడు. డెల్మార్‌ని ఎవరూ పిలవలేదు. మేం వెళ్ళేసరికి వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టు మీది హెచ్చరిక చదువుతున్నాడు.

షోరూమ్‌లో ట్రెంట్ అనే కుర్రాడు మమ్మల్ని మహా మర్యాదగా లోపలికి తీసుకెళ్ళాడు. తెల్లగా మెరుస్తున్న ట్రైలర్ ఒకటి చూపించాడు. లోపల నిప్పు లేకుండా కరెంటుతో వెలిగే నిప్పుగూడు, సోఫా కింద దాక్కునే మంచం. క్లోవిస్ ఆ సోఫాలో కూర్చుని మళ్ళీ లేవలేదు. ఏ చిన్న మరమ్మతొచ్చినా ఏడాదిపాటు తామే వచ్చి ఉచితంగా చేస్తామని ట్రెంట్ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. తర్వాత ఆఫీసులో కూర్చోబెట్టి దిండంత కాగితాల కట్ట ముందు పెట్టి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అంటూ వేలు చూపించాడు. క్లోవిస్ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ జేబులో పెట్టుకుని పెన్ను అందుకున్నాడు.

డెల్మార్ కట్ట లాక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, అది అందరూ సంతకం పెట్టే మామూలు కాగితమే" అన్నాడు ట్రెంట్.

"అయితే చదివినా ఏం కాదు" అన్నాడు డెల్మార్.

నాకు తల కొట్టేసినట్టయింది. క్లోవిస్ ఏమైనా పసివాడా అని విసుక్కున్నాను. క్లోవిస్ మాత్రం చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆదివారం ప్రసంగం వింటున్నట్టు కూర్చున్నాడు. డెల్మార్ చదువుతూనే ఉన్నాడు. పక్క బల్ల దగ్గర సంతకం పెట్టబోతున్న దంపతులు పెన్ను దించి ఇటు తిరిగారు. బండిని ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామనీ, అమ్మినవాళ్ళు నోటితో చెప్పిన ఏ మాటకూ విలువ లేదనీ, కాగితం మీద ఉన్నదే ఒప్పందమనీ వచ్చింది. డెల్మార్ ఆగి ట్రెంట్ గుండె వైపు చూశాడు.

"ఇందాక ఇక్కడ చెయ్యేసుకుని ఒకటి చెప్పావు కదా బాబూ. అది ఈ కాగితంలో ఎక్కడుంది?"

ట్రెంట్ నవ్వాడు. అది తమ మాటనీ, తమది మంచి పేరున్న షాపనీ అన్నాడు. మాటే అయితే రాయడానికి ఇబ్బందేముందని, డెల్మార్ కాగితం అంచున ఖాళీ చూపించి పెన్ను ఇచ్చాడు. ట్రెంట్ మేనేజర్ని పిలుచుకొచ్చాడు. ఆయన తటపటాయించి, పక్క బల్ల దంపతుల వైపు ఒకసారి చూసి, ఆ మాట రాసి కింద సంతకం పెట్టాడు.

ఇక అయిపోయిందనుకుంటే డెల్మార్ వారంటీ పుస్తకం అందుకున్నాడు. ఇంజిన్ లేని బండికి ఇన్ని వారంటీలుంటాయని అప్పుడే తెలిసింది. గోడలకూ కప్పుకూ తయారీ కంపెనీది, ఫ్రిజ్‌కి ఫ్రిజ్ వాళ్ళది, టైర్లకు టైర్ల వాళ్ళది. నాకు కునుకు పట్టింది. క్లోవిస్ గొంతు వినిపించి మెలకువ వచ్చింది.

"ఒరేయ్, ఆ ముక్క మళ్ళీ చదువు."

డెల్మార్ మళ్ళీ చదివాడు. బండిని శాశ్వత నివాసంగా వాడితే ఈ వారంటీ ఏదీ చెల్లదు.

"నేనుండేది అందులోనే కదయ్యా" అన్నాడు క్లోవిస్.

ట్రెంట్ గొంతు తగ్గించి, అవన్నీ ఎవరు చూడొచ్చారు, అడిగితే సెలవుల్లో తిరగడానికని చెప్పండి చాలన్నాడు. క్లోవిస్ పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఇల్లు అమ్మేసి, ఉన్నదంతా ఇందులో పోసి, పైగా ఎక్కడుంటున్నావంటే అబద్ధం చెప్పాలా అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. కంపెనీ వారంటీ మార్చడం తమ చేతుల్లో లేదన్నాడు మేనేజర్. మరి అందులోనే కాపురముండేవాళ్ళకి వారంటీ ఇచ్చే కంపెనీయే లేదా అని క్లోవిస్సే అడిగాడు. ఉంది. ఆ కంపెనీ ట్రైలర్ ఒకటి షెడ్డు వెనక, ఎవరూ కొనక, దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది.

బురద రంగు. నిప్పుగూడు లేదు. మంచం మంచంలాగే ఉంది. గోడలు మాత్రం మందంగా ఉన్నాయి. దాని కాగితాలన్నీ డెల్మార్ మళ్ళీ మొదటినుంచి చదివాడు. మేనేజర్ రాసిన మాట ఈ ఒప్పందంలోకీ ఎక్కించాడు. అంతా సరిచూసి తీసుకున్నానన్న కాగితం మీద, సరిచూశాకే సంతకమన్నాడు. కుళాయి తిప్పితే సింకు కింద నీళ్ళు కారాయి. ట్రెంటే మోకాళ్ళ మీద కూర్చుని బిగించాడు. మేం బయటపడేసరికి షోరూమ్ మూసేస్తున్నారు. ట్రెంట్ మాకు చెయ్యి ఊపలేదు.

ఆ చలికాలం ఎడారిలో ఎన్నడూ లేనంత వాన పడింది. క్లోవిస్ మంచం మీద సరిగ్గా తలగడ దగ్గర కప్పు కారింది. పైకప్పు అతుకులు మూడు నెలలకోసారి చూసుకోకపోతే తడికి బాధ్యత తమది కాదని కంపెనీ అన్నది. కానీ ఆ షరతు షోరూమ్‌లో డెల్మార్ చదివినప్పటినుంచీ క్లోవిస్ ఒక్కసారీ మర్చిపోకుండా నిచ్చెనెక్కాడు, కింద నుంచి నేను ఫోటోలు తీశాను. కంపెనీ మారుమాట లేకుండా కప్పు మొత్తం కొత్తది వేసిచ్చింది. ఆ తెల్లటిదే కొనుంటే గొడుగేసుకుని పడుకోవలసి వచ్చేది.

కప్పు వేసిన మర్నాడు బట్టలుతికే గదిలోకి వెళ్ళాను. డెల్మార్ ఒక్కడే బల్ల మీద కూర్చుని, కొత్త కప్పు తాలూకు వారంటీ పుస్తకం తిరగేస్తున్నాడు. చప్పుడు లేదు. పెదవి కదలడం లేదు. గబగబా పేజీలు తిప్పేస్తున్నాడు. ఏదో జబ్బు చేసిందనుకున్నాను.

"నీకు మనసులో చదవడం వచ్చా?"

"రెండో తరగతి నుంచీ వచ్చు" అన్నాడు, దొరికిపోయిన దొంగలా.

"మరి ఇన్నాళ్ళూ మా చెవులెందుకు తూట్లు పొడిచావు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. క్లోవిస్ తన ట్రైలర్ ముందు కుర్చీ వేసుకుని పిట్టలకి గింజలు చల్లుతున్నాడు.

"వాడికి చదవడం రాదు మేబెల్. విల్మా ఉన్నన్నాళ్ళూ ఆవిడే చూసుకునేది. ఆవిడ పోయాక హోటల్లో రోజూ గుడ్లే తినేవాడు. మెనూ చూడక్కర్లేకుండా అడగగలిగింది అదొక్కటే. గుడ్లంటే వాడికి చిన్నప్పటినుంచీ పడదు."

"చెవిలో చెబితే సరిపోయేదిగా."

"వాడొక్కడికే చదివితే వాడికి సిగ్గు. అందరికీ చదివితే నాకు పిచ్చి. పిచ్చంటే నాకేం కష్టం లేదు."

ఎవరితోనూ అననని మాటిచ్చాను. ఆ పూట హోటల్లో క్లోవిస్ 'పీచ్ పై' ముక్క రెండోది తెప్పించుకుంటుంటే, కాఫీ చల్లగా ఉన్నా నాకు బాగానే అనిపించింది.

వసంతం వస్తుండగా డెల్మార్‌కి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. మెడకి మఫ్లర్ చుట్టుకుని మంచానికి అంటుకుపోయాడు. నేను సూప్ తీసుకెళ్ళిన సమయానికి క్లోవిస్ ఒక ఎర్ర కవరు పట్టుకొచ్చాడు. వచ్చి, డెల్మార్ మఫ్లర్ చూసి, కవరు వెనక్కి దాచుకోబోయాడు. డెల్మార్ నా వైపు చూశాడు.

నేను కవరు లాక్కుని గొంతు సవరించుకున్నాను.

"నాకూ అంటుకుంది క్లోవిస్. ఈమధ్య పైకి చదివితే తప్ప బుర్రకెక్కడం లేదు."

చివరి హెచ్చరిక అని మొదలుపెట్టాను. మీ బండి వారంటీ ముగియబోతోందట, వెంటనే సంతకం పెట్టి పంపకపోతే సర్వనాశనమట. బేకరీలో కేకల మీద కేకలేసి పెరిగిన గొంతు నాది, తగ్గించలేదు. ఎదురు ట్రైలర్ వాళ్ళు కిటికీ మూసుకున్నారు. పూర్తిచేసి, ఎలా ఉందన్నట్టు చూశాను.

క్లోవిస్ అంతసేపూ మూసుకున్న కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపాడు.

"అడుగున చిన్న అక్షరాలు వదిలేశావు."

"ఉన్నాయని నీకెలా తెలుసు?"

"ఇంత భయపెట్టినవాడు కింద ఏదో ఒకటి దాచకుండా ఉంటాడా. చదువు."

నిజంగానే ఉన్నాయి. బండి తయారుచేసిన కంపెనీకీ తమకూ ఏ సంబంధమూ లేదని, చీమ తలకాయంత అక్షరాల్లో. అది కూడా చదివాను. క్లోవిస్ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, డెల్మార్ మంచం కుంటికాలి కిందకి తోశాడు. మంచం కదలడం మానేసింది.

"పర్వాలేదు, నేర్చుకుంటావు" అన్నాడు నాతో. "కామాల దగ్గర మాత్రం కాస్త ఆగు. పరిగెడుతున్నావు."

మంచం మీంచి డెల్మార్ గొంతు లేకుండానే, అవునన్నట్టు వేలెత్తాడు.