మేము ఫోమ్ పరుపుల వాళ్ళం

జనాభా లెక్కల్లో ఈసారి కులం కూడా అడుగుతారన్న వార్తను మా ఇంట్లో చదివింది నేనే. నలభై దాటాక అంగన్‌వాడీ అరుగు మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నాది ఎడ్లబండి చదువు, ఒక్కో మాట దగ్గరా ఆగి, కూడబలుక్కుని ముందుకు పోవాలి. పక్కన పరుపు అంచు కుడుతున్న మా వదిన, నేను 'కులం' అన్న మాట దాకా వచ్చేసరికి సూది ఆపేసింది.

"మళ్ళీ చదువుమే."

మళ్ళీ చదివాను. రెండోసారి కూడా అదే ఉంది.

బోగోలు దగ్గర సముద్రపు గాలి తగిలే ఊరు మాది. మేము దూదేకులవాళ్ళం. నమాజు చేస్తాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పరుపులు కుడతాం. మమ్మల్ని అటూ ఇటూ కానివాళ్ళని ఎగతాళి చేసే సామెత ఒకటి ఉంది. మీకు తెలిసే ఉంటుంది, నేను రాయను. మా ఆయన పోయాక ఇంటికి పెద్దదిక్కు ఆయన అక్క, అంటే మా వదినే. ఆ సామెత వినపడని ఇంటికి మా అమ్మాయిని పంపాలని ఆమె పట్టుదల. కావలిలో ఒక సంబంధం చూసింది. వాళ్ళు ఉర్దూ మాట్లాడే షేకులని మధ్యవర్తి చెప్పాడు. మేమూ షేకులమేననీ, ఫోమ్ పరుపుల వ్యాపారమనీ వదిన అతనితోనే కబురు పంపింది. పిల్లవాడి ఫోటో చూసింది మా అమ్మాయి. ఫోన్ చార్జింగ్ పెట్టాలని లోపలికి పోయింది. ఫోన్ నిండా చార్జింగ్ ఉంది. నచ్చాడని నాకు అర్థమైంది.

"లెక్కలోళ్ళు వస్తే షేకులమని చెప్పాల. ఇంకో మాట వచ్చిందంటే సంబంధం పోయినట్టే," అంది వదిన.

"కాలేజీ సీటుకు దూదేకుల సర్టిఫికెట్ తెచ్చింది నువ్వే గదా వదినా?"

"అది సీటుకుమే. ఇది పెళ్ళికి."

లెక్కలో లేనివాళ్ళకు వాటా ఉండదని మా అమ్మాయి వాదన. లెక్కలోకి ఎక్కితే ముద్ర పడిపోతుందని మా వదిన వాదన. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించేది. అందుకని ఇద్దరూ నా మీదే విసుక్కునేవాళ్ళు. ఆ రోజుల్లోనే విడవలూరు రైతు ఒకాయన పరుపులు కుట్టమని చెప్పడానికి వచ్చి, మా పేపర్ చూసి, "కులాలు లెక్కబెడితే దేశం ముక్కలైపోద్దక్కా," అని చాలా బాధపడ్డాడు. టీ తాగి గ్లాసు కింద పెడుతూ, "ఇంతకీ మీరు సాయిబులా, దూదేకులోళ్ళా?" అని అడిగాడు. వదిన పరుపు ధర పెంచింది.

పెళ్ళిచూపుల రోజు పొద్దున్నే మా మామగారి నాటి దూది ఏకే విల్లు గోడ మీద నుంచి దిగి బీరువా వెనక్కి పోయింది. దూది బస్తాల మీద దుప్పట్లు కప్పాం. ఫోమ్ ముక్క ఒకటి తెచ్చి వాకిట్లో అందరికీ కనపడేలా పెట్టాం. అంతా బాగానే ఉంది. కానీ చుట్టాలను ఫోమ్ మీద కూర్చోబెట్టడానికి వదినకు ప్రాణం ఒప్పలేదు. మా వాళ్ళెవరికీ ఒప్పదు. కొత్తగా కుట్టిన బూరుగుదూది పరుపు తీసి, రెండు వైపులా ఎండకు పెట్టి, మంచం మీద తానే పరిచింది.

పిల్లవాడి తాతా, తల్లీ వచ్చారు. "ఆయియే, బైఠియే," అంది వదిన. వాళ్ళు "జీ, జీ," అన్నారు. "చాయ్ పీజియే," అంది. "జీ, జీ." అక్కడితో వదిన ఉర్దూ అయిపోయింది. చిత్రంగా వాళ్ళదీ అయిపోయినట్టుంది. ఫ్యాను ఒక్కటే మాట్లాడుతోంది. మా అమ్మాయి టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఎవరు ముందు నోరు తెరుస్తారా అని చూస్తోంది. ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు.

పెద్దాయన చెయ్యి మెల్లగా పరుపు మీది దుప్పటి కిందికి పోయింది. పరుపు మూల దొరకబుచ్చుకుని, బొటనవేలితో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాడు. పరుపు మీద కూర్చున్నవాళ్ళు మధ్యలో తడుముతారు. మూల నొక్కి చూసేది కుట్టినవాళ్ళే, దూది అక్కడే ముందు గడ్డకడుతుంది కాబట్టి.

"మూలల్లో కూడా గడ్డ లేదే," అన్నాడు తనలో తాను, మా తెలుగులోనే.

"మిషన్‌కు వెయ్యలేదన్నా, చేత్తో ఏకినాం," అన్నాను. నోరు జారాక చూస్తే వదిన కళ్ళతోనే నన్ను కుట్టేస్తోంది.

పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అందుకే చెప్తిని మావా, చేతులు ఒళ్ళో పెట్టుకోమని," అని ఆమె నవ్వేసింది.

వాళ్ళూ దూదేకులే. దుప్పట్ల వ్యాపారం అని చెప్పుకున్నారట. వాళ్ళింట్లో విల్లు మంచం కింద ఉందట.

ఆ తర్వాత ఉర్దూ అవసరం రాలేదు. రెండో టీ అడిగి తాగారు. పోయేముందు పెద్దాయన గుమ్మంలో ఆగి, "లెక్కలోళ్ళు వస్తే మీరేం చెప్తారమ్మా?" అన్నాడు.

"ముందు మీరు చెప్పండన్నా," అంది వదిన.

"లేదు, ఆడపిల్లోళ్ళు మీరే చెప్పాల."

ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు మర్యాద చేసుకుంటూ నిలబడిపోయారు. "మీరిద్దరూ తేల్చుకునేలోగా వాళ్ళు పక్కూరికి పోతారు. నాది నేను చెప్పుకుంటా, దూదేకుల అని," అంది మా అమ్మాయి, ఖాళీ గ్లాసులు ఏరుతూ. కాబోయే అత్త ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. సంబంధం ఖాయమైంది.

వాళ్ళ ఆటో మలుపు తిరిగాక విల్లు తీసి మళ్ళీ గోడకు తగిలించాం. వదిన దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఇంకేముంది వదినా, లెక్కలోళ్ళకు నిజమే చెప్దామా?"

వదిన కొంగు దులుపుకుంది. "చెప్పు. గట్టిగా చెప్పబాకుమే, పక్కింటోళ్ళు వింటారు."

పక్కింటివాళ్ళు మూడు తరాలుగా పడుకునేది మేం కుట్టిన పరుపుల మీదే.