బావి మెట్టు మీద రెండు మైనపు ముద్దలు

అరిచామని చెప్తున్నారు మీరు, మా ఊరివాళ్లు. బండి వస్తోంది, తప్పుకో, తప్పుకో అని పదిమందిమీ గొంతు చించుకున్నామని, ముసలాయనే వెనక్కి తిరిగి చూడలేదని. ఎలా చూస్తాడు? ఆయన చెవిని తీసేసింది మీరే. తీసేసి, ఇప్పుడు వినలేదన్న నేరం కూడా ఆయన మీదే పెడుతున్నారు.

మా ఊరు మర్రిగూడ దిక్కు. పోయిన వారం అక్కడి నుంచి నల్లగొండకు వచ్చిన బట్టల సాయిబు నా గుమ్మంలో నిలబడి చెప్పాడు: "మీ ఈత పెద్దయ్య పోయిండు పటేలా. ఎడ్లు బెదిరినయి. బండి ఎనుక నుంచి వచ్చింది."

ఆయన బావుల్లో మునిగేవాడు. చేంతాడు తెగి ఎవరి బిందె పడినా ఆయనకే కబురు. మంచినీళ్ల బావి మెట్టు తొక్కనివ్వని ఊరు, బిందె పడిన రోజు మాత్రం ఆయనను ఏకంగా బావిలోకే దింపేది. వెట్టి. బిందె తెచ్చి గట్టు మీద పెట్టాక దాని మీద పసుపునీళ్లు చల్లి తీసుకునేవారు. ఆయన మునిగిన నీళ్లను మాత్రం సాయంత్రం హాయిగా తాగేవారు. ఇదేం శాస్త్రమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తెలిసినవారు ఉంటే చెప్పండి.

ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా నాకు ఈత రాదు. చిన్నప్పుడు చెవి కారేదని అమ్మ నీళ్ల దగ్గరికి పోనిచ్చేది కాదు. ఒకరోజు వెళ్లి, "పెద్దయ్యా, ఈత నేర్పు" అన్నాను. ఆయన అటూ ఇటూ చూశాడు.

"నన్ను పెద్దయ్య అంటవా పటేలా? ఎవలన్న ఇంటే నీకు తిట్లు, నాకు తన్నులు. పంపకం మంచిగనే ఉన్నది."

తర్వాత ఎద్దును బేరం చేసేవాడిలా నా చెవి పట్టుకుని ఎండకు తిప్పి చూశాడు. "ఇంక తడి ఉన్నది. కారే చెవితోని నీళ్లలకు రావొద్దు. మూత పెట్టుకొని గూడ రావొద్దు. దవాఖానల సూపిచ్చుకొని, మానినంక రా." మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ కనబడినప్పుడల్లా, "మానిందా?" అని అడిగేవాడు. నా చెవి గురించి అంత ఫికరు మా ఇంట్లో కూడా ఎవరికీ లేదు.

ఊరి బయట పాడుబడ్డ మోట బావిలో నేర్పాడు. తేనెపట్టు మైనాన్ని గుప్పిట్లో పిసికి మెత్తగా చేసి, చెవి రంధ్రం మీద పూరీలా పరిచేవాడు. "వాకిట్లనే పెట్టు కొడుకా, ఇంట్లకు తోలకు" అనేవాడు. లోపలికి నెట్టిన మైనం మళ్లీ రాదు. చెవిలో పుల్ల తిప్పేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "గా పుల్ల పొయ్యిల పెట్టుండ్రి, బువ్వన్న ఉడుకుతది."

పైన ఈదడం వచ్చాక నాకు గర్వం పెరిగింది. ఒకరోజు చెవుల్లో మైనంతోనే అడుక్కి మునగబోయాను. జుట్టు పట్టి పైకి లాగాడు. ఆయన అంత కోపంగా ఉండటం నేను చూసింది అదొక్కసారే.

"మూత మీదమీద ఈదెతందుకే. లోపలికి పోతే తీసెయ్యాలె. మూతకు, చెవి పొరకు నడుమ గాలి ఉంటది. అది యాడికి పోతది? పైనుంచి నీళ్లు తోస్తనే ఉంటయి."

అప్పుడే తన ఎడమ చెవి కథ చెప్పాడు. పడుచుతనంలో, చలికాలంలో, దొర వెండి చెంబు కోసం దింపారు. చన్నీళ్లు చెవిలోకి పోకుండా మైనం బిగించి మునిగాడు. మూడు నిలువుల లోతులో చెవిలో పొర పగిలింది. కళ్లు తిరిగి, పైన ఏదో కింద ఏదో తెలియలేదు. "నోట్లె గాలి ఇడిసిన. బుడగలు ఎటు పోతే అటు పోయిన." అలా బతికి బయటపడ్డాడు.

అందుకే మునిగే ముందు ఆ రెండు ముద్దలూ తీసి, పోకుండా బొటనవేలితో రాతికి అదిమి పెట్టేవాడు. ముక్కు పట్టి మెల్లగా ఊదుతూ దిగేవాడు. నొప్పి పుడితే అక్కడి నుంచే మర్లి రావాలని నాకు నేర్పాడు. ఆ మోట బావి దగ్గర, ఆయన పైకి వచ్చేదాకా పెద్దమ్మ, ఆయన భార్య, ఆ ముద్దల పక్కనే కూర్చునేది.

"పెండ్లప్పుడు బంగారానికి కావలి పెడ్తవనుకున్న. మైనానికి పెట్టినవ్."

"కాకులెత్కపోతయే! జర సూడు" అని ఆయన మునిగేవాడు. నీళ్లు కదలడం ఆగేదాకా నవ్వుతూ ఉండేది. ఆగాక నవ్వేది కాదు.

మూడేళ్ల కింద దొర అల్లుడు పట్నం నుంచి రబ్బరు మూతలు తెచ్చాడు. అవి పెట్టుకుని మంచినీళ్ల బావిలో దూకి అడుగు తాకుతానని పందెం వేశాడు. ఊరంతా గట్టు మీదే ఉంది. ఆ రోజూ ఏదో బిందె కోసం పెద్దయ్యను పిలిపించారు.

"బాంచెన్ అల్లుడు దొరా, గవి తీసెయ్యి. లోపలికి పోయెతందుకు కావు."

"బొంబాయివిరా ఇవి. నీ మైనం కాదు."

"మూత బొంబాయిదైనా చెవి చెవే గద దొరా!"

అల్లుడు దూకబోయాడు. పెద్దయ్య చెయ్యి చాచి, ఒక చెవిలో మూత లాగేశాడు. అంతే. అంటరానివాడు అల్లుడి చెవి ముట్టుకున్నాడు. దొర మనిషి అరచెయ్యి విప్పి ఆయన కుడి చెవి మీద కొట్టాడు. అది ఆయనకు మిగిలిన చెవి.

గొడవలో అల్లుడు దూకనే లేదు. అల్లుడి చెవులు రెండూ ఇవాళ్టికీ బాగున్నాయి. మీరెవరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఈ మాట రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది.

తర్వాత నేను వెళ్తే నా పెదవుల వంక చూస్తూ, "మంచిదాయె కొడుకా, దొర తిట్లు గూడ ఇనబడ్తలేవు" అన్నాడు. చెవి పగిలినవాడు మునగకూడదని ఊరికి చెప్పింది ఆయనే. అలాంటివాణ్ని మీరు బావిలోకి దింపుతూనే వచ్చారు. చివరి రోజు కూడా బిందె తీయించి, నీళ్లకు ఆడవాళ్లు వస్తున్నారు పొమ్మని తరిమారట. మెట్టు మీది మైనం తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదట. బాట ఎక్కగానే వెనక నుంచి బండి.

కాబట్టి అడుగుతున్నాను.

చెవి మూతలు పైపైన ఈదడానికే వాడండి. మునిగే ముందు తీసేయండి. పిల్లలకు ఇది చెప్పండి, ఎవరు నేర్పారో కూడా చెప్పండి.

కారే చెవిని, పగిలిన చెవిని నీళ్లలోకి దింపకండి. మీదైనా, మీ వెట్టివాడిదైనా.

బావిలో వెట్టి మానండి. మీ బిందె మీరే తీసుకోండి.

మంచినీళ్ల బావిని ఆయన వాడకు తెరవండి.

సాయిబు చెప్పాడు, ఆ బావి మెట్టు మీద ఆయన బొటనవేలి గుర్తులతో రెండు మైనపు ముద్దలు ఇంకా అంటుకునే ఉన్నాయట. ఇన్నేళ్లూ మీరు ఆ గట్టు ఎక్కనివ్వని పెద్దమ్మ ఇప్పుడు వాటి పక్కన కూర్చుని, నీళ్ల వంక చూస్తోందట. ఆమెను లేపకండి.