ఫోన్‌లో గీసిన కిరణ చిత్రం

కరోనా తర్వాత బడులు మళ్లీ గాడిన పడ్డాక, ఒక జూన్‌లో నన్ను ఆత్మకూరు నుంచి అమరచింత మండలంలోని ఒక ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు పంపారు. అది బదిలీ కాదు, పని సర్దుబాటు. ఒక బడిలో పోస్టు ఖాళీగా ఉండి నింపడానికి మనిషి దొరకనప్పుడు, దగ్గరి బడిలో ఉన్నవారిని ఆ విద్యా సంవత్సరం వరకు అక్కడ పనిచేయమని ఇచ్చే ఉత్తర్వుకు మా శాఖలో ఆ పేరు. నేను స్కూల్ అసిస్టెంట్‌ను. నా సబ్జెక్టు భౌతిక రసాయన శాస్త్రం. పదవీ విరమణ దగ్గర పడుతోంది. ఇల్లు గద్వాలలో. జూరాల ఆనకట్ట మీదుగా వెళ్లే పొద్దుటి బస్సెక్కితే ప్రార్థన గంటకు బడిలో ఉండేదాన్ని.

ఆ బడిలో పదో తరగతికి అంతకుముందు కొన్నాళ్లు నా సబ్జెక్టు చెప్పేవారే లేరు. పిల్లలు గైడు చూసి చదువుకున్నారు. గైడులో జవాబులుంటాయి కాబట్టి వాళ్లకు జవాబులు వచ్చు. కుంభాకార కటకం కిరణ చిత్రం గీయమంటే అందరూ ముగ్గు వేసినట్టు చకచకా గీసేశారు. బాగుందనుకుని, వస్తువును కొంచెం ముందుకు జరిపి మళ్లీ గీయమన్నాను. అందరూ అదే బొమ్మ గీశారు. వస్తువు ఎక్కడున్నా ప్రతిబింబం కదలకుండా గైడులో ఉన్న చోటే ఉంది.

పబ్లిక్ పరీక్షలో ప్రతి ప్రశ్నా ఏదో ఒక విద్యా ప్రమాణాన్ని పరీక్షిస్తుంది. విషయం అర్థమైందా, ప్రయోగం చేయగలరా, బొమ్మతో చెప్పగలరా, ఇలా. బొమ్మల ప్రశ్నకు మార్కులు సులువుగా వస్తాయని పిల్లలు నమ్ముతారు. పేపరు తయారుచేసేవారు వస్తువు స్థానం మార్చారంటే ఆ సులువు మార్కులే ముందు పోతాయి. అందుకని పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ఒక్కో ప్రశ్నను నాలుగు రకాలుగా మార్చి సాధన చేయించడం మొదలుపెట్టాను.

ఆ తరగతిలో ఎస్తేరు అనే అమ్మాయి ఉండేది. తల్లిదండ్రులు కూలి పని చేసేవారు. మొదటి వారంలోనే లేచి నిలబడి, “కటకం సగం మూసేస్తె బొమ్మ గూడ సగమే వస్తదా మేడం?” అని అడిగింది. జవాబు చెప్పకుండా కటకం, కొవ్వొత్తి చేతికిచ్చి చూడమన్నాను. కిటికీలు మూసి, కటకానికి సగం మేర అట్టముక్క అడ్డం పెట్టి, గోడ మీద మంట బొమ్మను చాలాసేపు చూసింది. “మొత్తం వచ్చింది మేడం. కాకపోతె జర మసకగున్నది” అంది. ఎందుకలా అయిందో కూడా ఆ పిల్లే చెప్పింది. దాని పక్కన భారతి కూర్చునేది. వాళ్లది మగ్గాల ఇల్లు. పొద్దున కండెలు చుట్టి బడికి వచ్చేది. చేతిరాత ముత్యాల్లా ఉండేది, ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడిగేది కాదు. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే టిఫిను.

దసరా సెలవులు అయ్యాక ఎస్తేరు రాలేదు. భారతిని అడిగాను.

“సుగ్గికి పోయిన్రు మేడం. పూనాకు.”

పని కోసం ఊరు విడిచి పోవడాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఏటా పోయేవాళ్లేనట. ఎస్తేరు మాత్రం నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేది. ఈసారి నాయనమ్మ జారిపడి తుంటి విరిగింది. దవాఖానలో ఆపరేషన్ చేయించి కూతురు తనతో తీసుకుపోయింది. ఇంట్లో ఒంటరిగా ఉంచలేక ఎస్తేరును వెంట తీసుకుపోయారు. తల్లి పనిలో ఉంటే ఏడాది నిండని తమ్ముడిని ఎత్తుకునేవాళ్లూ కావాలి కదా.

పొరుగింటివాళ్ల దగ్గర తండ్రి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఆయన పేరు దేవదానం. నేను కోప్పడతాననుకున్నాడో ఏమో, నేను నోరు తెరవకముందే, “మేడం, పిల్ల పేరు కొట్టెయ్యకుండ్రి. పరీక్షకు నేనే తోల్కొస్త” అన్నాడు.

పేరు ఉంచడం నా చేతిలో లేదు. పబ్లిక్ పరీక్షకు కూర్చునేవారి వివరాలను నామినల్ రోల్ రూపంలో పంపేది ప్రధానోపాధ్యాయులు. మా సారు మంచివారే, కానీ నిబంధనల మనిషి. హాజరు తగ్గుతుందన్నారు. పేరు పంపాక పిల్ల రాకపోతే బడి ఫలితం దెబ్బతింటుందన్నారు. ఫోన్‌లో నేను పాఠం చెబుతానన్నాను. “ఫోన్ల పాఠం చెప్తరు, సరే మేడం. రేపు పిల్ల రాకుంటె పైనోళ్లకు జవాబు ఎవరు చెప్పాలె?” అని అడిగారు. నేను చెప్తానన్నాను. పాఠం మాత్రం ఆపొద్దని చెప్పి, పేరు పంపడానికి ఒప్పుకున్నారు.

పాఠం చెప్పడానికి వేళ కుదరాలి. ఫోను తండ్రి దగ్గర ఉంటుంది. పగలంతా ఆయన పనిలో ఉంటాడు. మధ్యాహ్నం అన్నానికి వాళ్లుండే రేకుల షెడ్డుకు వచ్చినప్పుడే ఎస్తేరుకు ఫోను దొరికేది. మా బడిలోనూ అది భోజన విరామమే. కాబట్టి అందరూ తింటుండగా నా ఫోను సైన్సు గదిలో బల్ల మీద పెట్టి, స్పీకరు వేసి చెప్పేదాన్ని. బొమ్మలు పంపుదామంటే అది బటన్ల ఫోను. ఏదైనా మాటతోనే చేరాలి.

నిర్వచనాలు, లెక్కలు బాగానే సాగాయి. కిరణ చిత్రం దగ్గర ఆగిపోయాం. ముప్పై ఏళ్లకు పైగా సుద్దముక్కతో చెప్పినదాన్ని సుద్దముక్క లేకుండా చెప్పబోతే నా నోటికి వచ్చిన మాటలన్నీ ‘ఇక్కడ’, ‘ఇలా’, ‘ఇటువైపు’. అవతల ఎస్తేరు, “ఎటు దిక్కు మేడం?” అంటోంది. పక్కనే నిలబడి వింటున్న భారతి ఆగలేక ఫోను దగ్గరకు వంగింది.

“ఎస్తేరూ, కాగితం అడ్డం పెట్టు. నడిమిట్ల ఈ కొస నుంచి ఆ కొస దాంక గీత గీయి. అది ప్రధానాక్షం. గీత మధ్యల కటకం నిలబెట్టు. కటకానికి రెండు దిక్కుల బెత్తెడు దూరంల ఒక్కో చుక్క పెట్టు, అవి నాభులు. ఇప్పుడు ఎడమ దిక్కు నాభి కాడ బాణం నిలబెట్టు. బాణం కొన నుంచి ప్రధానాక్షానికి సమాంతరంగ కటకం దాంక పో. ఆడికెల్లి కుడి దిక్కు నాభిల నుంచి కిందికి దింపు. మల్ల బాణం కొన నుంచే కటకం నడిమిట్లకెల్లి సక్కగ ఇంకో గీత కొట్టు. రెండు గీతలు ఏడ కలుస్తయో ఆడ ప్రతిబింబం.”

అవతల ఎస్తేరు గీస్తోంది. పసివాడి ఏడుపు, ఎక్కడో ఇనుము కోస్తున్న చప్పుడు.

“కలుస్తలేవే” అంది ఎస్తేరు చివరకు.

“సక్కగ గీయి.”

“సక్కగనే గీసిన. పక్కపక్కకెల్లే పోతున్నయ్. కాగితం అయిపోయింది గని కలుస్తలేవు.”

భారతి నా వైపు చూసింది. తను చెప్పాలనుకున్నది నాభికి, దానికి రెట్టింపు దూరానికి మధ్య ఉన్న వస్తువు గురించి. పొరపాటున సరిగ్గా నాభి దగ్గరే పెట్టించింది. అక్కడ వస్తువు ఉంటే కటకం దాటిన కిరణాలు ఒకదానికొకటి సమాంతరంగా పోతాయి. ప్రతిబింబం అనంత దూరంలో ఏర్పడుతుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం భారతికి కంఠస్థం. అది ఈ రెండు గీతల గురించేనని ఆ క్షణం దాకా తెలియదు. “ఓ... అనంత దూరం అంటె గిదేనా మేడం!” అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. విషయం అవతలికి చెబితే అక్కడ ఎస్తేరు కూడా నవ్వింది. వెనుక నుంచి దేవదానం, “ఏమైందమ్మా, తప్పైందా?” అని అడగడం వినిపించింది.

మర్నాటి నుంచి భోజన విరామంలో సైన్సు గది నిండిపోసాగింది. ఎస్తేరుకు బొమ్మ చెప్పే వంతు నాకంటే నాకని పోటీ. మిగతా వాళ్లు ఊరికే కూర్చోకూడదని, ఇద్దరిద్దరిని వీపు వీపు ఆనించి కూర్చోబెట్టి, ఒకరు చెప్పాలి, ఒకరు చూడకుండా గీయాలి అన్నాను. విద్యుత్ వలయాలకు వచ్చేసరికి ఈ పద్ధతి రచ్చకెక్కింది. శివప్ప అనే పిల్లవాడు “రెండు బల్బులు పక్కపక్కన పెట్టు” అన్నాడు. అవతలివాడు శ్రేణిలో కలిపాడు. శివప్ప ఉద్దేశం సమాంతరం. నువ్వు తప్పంటే నువ్వు తప్పని ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు. ప్రధానోపాధ్యాయులు ఆ అరుపులకు పరుగెత్తుకొచ్చి, తగువేమిటో విని, తానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ‘పక్కపక్కన’ అనే మాట వాడకూడదని, కరెంటుకు ఒకటే దారి ఉందా, దారి చీలిందా అన్నది చెప్పాలని ఆ పూట తరగతి తీర్మానించింది. ఆయన లెక్కల మాస్టారు. నిర్వచనాల పట్ల మక్కువ.

డిసెంబరులో ఒకరోజు ఎస్తేరుకు బదులు దేవదానమే ఫోనెత్తాడు. “పిల్ల తమ్మునికి తానం పోస్తుండది మేడం, జర ఆగుండ్రి” అని, ఊరికే ఉండలేక కాబోలు, “రోజు వింటుంటి గద, కాగితం అడ్డం పెట్టు, నడిమిట్ల గీత గీయి అనుడు దాంక నాకు గూడ వచ్చింది” అన్నాడు.

జనవరి చివర్లో ఆ ఫోను ఆగిపోయింది. ఎప్పుడు చేసినా హిందీలో ఒక ఆడగొంతు ఏదో చెప్పేది. పొరుగింటివాళ్లకూ ఏమీ తెలియదు. వాళ్లు ఆ చోటు విడిచి ఇంకో పనికి మారారని మాత్రం ఎవరో అన్నారు. ప్రీఫైనల్ పరీక్షలు జరిగిపోయాయి. ఆ బెంచీలో భారతి ఒక్కతే కూర్చుని రాసింది. భోజన విరామంలో రోజూ వచ్చి, ఏమీ అడగకుండా నా ఫోను తీసుకుని ఆ నంబరు నొక్కి, విని, మళ్లీ బల్ల మీద పెట్టి వెళ్లేది.

హాల్ టికెట్లు వచ్చిన వారంలో, ప్రార్థన ముగుస్తుండగా గేటు దగ్గర ఎస్తేరు కనిపించింది. చంకలో తమ్ముడు. పక్కన చేతిసంచీతో దేవదానం. రాత్రంతా ప్రయాణం చేసిన మొహాలు.

“తెస్తనన్న గద మేడం” అన్నాడు. ఫోను నీళ్ల డ్రమ్ములో పడిందట, నంబర్లన్నీ దాంతోనే పోయాయట. నాయనమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందని, ఇంటికి చేరిందని, పిల్లలిద్దరినీ ఆమె దగ్గర వదిలి సాయంత్రం బస్సుకు తిరిగి పోతానని చెప్పాడు. భారతి వరుసలోంచి వచ్చి ఎస్తేరు ముందు నిలబడింది.

“ఇంకెవరి ఫోను నుంచన్న చెయ్యనీకె రాదా?”

“నంబరు యాది లేకుండె.”

“కటక సూత్రం యాదుంటది గని మేడం నంబరు యాదుండదా?” అంది. ఆ మాట అంటూనే ఏడ్చేసింది.

అన్నిరోజులు చదువు ఏమైందని లోపలికి తీసుకెళ్లి అడిగాను. కాగితాలు అయిపోతే బొగ్గుతో షెడ్డు రేకుల మీద గీసిందట. “మరి బొమ్మ ఎవరు చెప్పారు?” అంటే, “నేనే మేడం. తమ్మునికి చెప్పుకుంట గీసేదాన్ని. వాడు ఊ అనేటోడు” అంది. మిగిలిన కొద్ది రోజులూ ఆ తమ్ముడు కూడా ప్రత్యేక తరగతికి వచ్చాడు. భారతి ఒళ్లో, శివప్ప ఒళ్లో, ఒకసారి ప్రధానోపాధ్యాయుల ఒళ్లో కూర్చున్నాడు.

పరీక్ష రోజున ఆ సబ్జెక్టు చెప్పేవారికి ఇన్విజిలేషన్ వేయరు, కేంద్రం దరిదాపుల్లోకి రానివ్వరు. అమరచింతలో బస్సులు ఆగే చోట టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. ఎస్తేరు ముందు వచ్చింది. వస్తువును నాభికి, కటకానికి మధ్యలో పెట్టి బొమ్మ గీయమన్నారట. గైడులో ముఖ్యమైనదిగా గుర్తు పెట్టని స్థానం అది. “అటు దిక్కు గీతలు కలుస్తలేవు మేడం. దూరం దూరం పోతున్నయ్. అందుకని ఎనకకు సుక్కల గీత గీసుకుంట వచ్చిన. బాణం ఎనక పెద్ద బాణం వచ్చింది” అంది. మిథ్యా ప్రతిబింబం. సరైన జవాబు. భారతి వచ్చి అదే చెప్పింది. శివప్ప కూడా అదే చెప్పాడు.

ఆ ఏడాది పదో తరగతిలో అందరూ పాసయ్యారు. ఎస్తేరుకు హిందీలో గట్టెక్కే మార్కులే వచ్చాయి, నా సబ్జెక్టులో మాత్రం మంచి గ్రేడు. వనపర్తిలో హాస్టలు ఉన్న జూనియర్ కాలేజీలో ఎంపీసీలో చేరింది. భారతి బైపీసీ తీసుకుంది. నా పని సర్దుబాటు ముగిసి ఆత్మకూరుకు తిరిగి వెళ్లాను.

అక్కడ మిగిలిన నా సర్వీసులో బొమ్మల ప్రశ్నల సాధన ఇలాగే చేయించాను. దీనికి హద్దులున్నాయి. రసాయన సమీకరణాలకు పనికిరాదు, సమయం ఎక్కువ పడుతుంది, పిల్లలు అరుస్తారు. కానీ బోర్డు చూసి ఎక్కించుకున్న బొమ్మ ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో గీసిన కాగితం చూస్తే తెలియదు. కనబడని మనిషికి ఆ బొమ్మను మాటల్లో చెప్పమంటే, ఏ గీత దగ్గర ఆగిపోతారో ఆ గీత దగ్గరే పాఠం మళ్లీ మొదలుపెట్టాలని తెలుస్తుంది.