షారోన్ తుంటి పట్టేసిందంటే

"బద్ధకం అన్నానబ్బాయ్ ఆ పిల్లని. అందరి ముందరా అన్నాను."

ఒకప్పుడు తన దగ్గరే ఆట నేర్చుకున్న నాతో జీవరత్నం మాస్టారు తల దించుకునే మాట్లాడుతున్నారు. గురజాల దగ్గర ఓ బడిలో ముప్పయ్యేళ్లుగా కబడ్డీ నేర్పుతున్న డ్రిల్లు మాస్టారు. పదో తరగతి షారోన్ వేసవంతా కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసింది. బడి తెరిచాక కూతకెళితే మునుపటిలా కాలు చాచలేకపోయింది.

"తుంటి పట్టేసింది సార్ అంది. ఏందే, అప్పుడే ముసల్దానివయ్యావా అన్నాను. అంతా నవ్వారు. పది రౌండ్లు పరిగెత్తించి మళ్లీ కూతకి పంపా. బోనస్ గీత దాటి ఇంకో పాయింటు తేవాలని కాలు చాచింది, గజ్జల్లో కండరం చీలింది."

గంటల తరబడి కూర్చుంటే తుంటి ముందరి కండరాలు బిగుసుకుంటాయని, అలాగే ఆడితే అడుగు సాగదని, ఆ భారం గజ్జల మీదా నడుం మీదా పడుతుందని నరసరావుపేటలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి తర్వాత ఆయనకు చెప్పిందట.

"రోజూ కాసేపు ఒళ్లు సాగదీయించి, మెల్లగా ఆటలోకి దించాల్సిందంట. మా ఇంటావిడ తొడిమలు తీసి లేచేటప్పుడు గోడ పట్టుకునేది. రోజూ చూస్తానే ఉన్నానుగా! నాకెందుకు తట్టలా?"

"వెళ్లి చూశారా?" అన్నాను.

"రెండుసార్లు వాళ్ల వీధి మలుపు దాకా పోయి తిరిగొచ్చా. మొహం చెల్లలా."

చేతిలోని విజిల్ జేబులో పెట్టి, తలెత్తి నా వైపు చూశారు.

"సోమవారం ప్రార్థన దగ్గర, నవ్విన పిల్లలందరి ముందరా తప్పు నాదని చెప్తా. ఆ పిల్ల వినాల. నువ్వెళ్లి అడుగు అబ్బాయ్, వస్తానంటే ఆటోలో జాగ్రత్తగా తీసుకురా."