నాయన చంక కింది ఇనుము

మొన్న అనంతపురం కలెక్టరాఫీసు గేటు దగ్గర, మీసం రావాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్న ఒక కుర్ర పోలీసు నన్ను చేతులెత్తమని ఒళ్ళంతా తడిమాడు. నా ఒళ్ళు తడమడమంటే మాటలు కాదు, ఒక మండలం మొత్తం సర్వే చేసినంత పని. పాపం ఆ పిల్లవాడు ఎల్లలన్నీ కొలుచుకుంటూ వచ్చి ఎడమ చంక కింద టక్కున ఆగాడు. అక్కడ లోపలి జేబులో గట్టిగా తగిలింది నా కళ్ళజోడు పెట్టె. "అద్దాలా సార్, పోండి పోండి" అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, లోపలికి పోయి బెంచీ మీద కూలబడ్డాక ఆ పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. సరిగ్గా ఆ చోటే, నాయన ఎడమ చంక కింద, ఒకప్పుడు మా చిన్నాయన చెయ్యి ఆగింది.

నేను ఆఫీసుకు పోయిన పని కూడా దాని గురించే. నాయన పోయినేడు పోయాడు, ఆయన రివాల్వరు మాత్రం ఎప్పటి నుంచో పోలీసు స్టేషనులోనే పడి ఉంది. నీ పేరు మీదికి మార్చుకుంటావా, వదులుకుంటావా, ఏదో ఒకటి చెప్పి పొమ్మని కబురు చేశారు.

మాది యాడికి అనే ఊరి పక్కన పల్లె. నాయన ఆ రోజుల్లో సొసైటీ ఎన్నికలో ఎవరినో ఓడించాడు. ఓడిన మనిషి తాలూకు వాళ్ళు తాడిపత్రి దారిలో ఆయన జీపు ఆపి అద్దాలు పగలగొట్టారు. ఆ రాళ్ళు గుమ్మడికాయలంత ఉన్నాయని నాయన చెప్పేవాడు. చిన్నాయన నోట్లో పడేసరికి అవే బండిచక్రాలయ్యాయి. నా కాడికి వచ్చేసరికి కొండలైపోయాయి, ఇది మా ఇంటి జబ్బు. అద్దాలు పగిలింది మాత్రం నిజం, అమ్మ నెలల తరబడి కంటిమీద కునుకు లేకుండా గడిపిందీ నిజం. అట్లా నాయనకు లైసెన్సు వచ్చింది. అది వచ్చిన రోజే చిన్నాయన ఆయనను బయల్దేరదీసి, అనంతపురంలో డిగ్రీ చదువుతున్న నన్ను హాస్టలు నుంచి ఎక్కించుకుని, మా ఇద్దరినీ తుపాకుల అంగడికి తీసుకుపోయాడు. పెళ్ళిచూపులకు కూడా మావాళ్ళు అంత ముస్తాబై పోయింది నేను చూడలేదు.

అంగడాయన మూడు రివాల్వర్లు బట్ట పరిచి వరసగా పెట్టాడు. నాయన కన్ను పెద్దదాని మీద పడింది. నున్నటి కట్టె పిడి, మూరెడు గొట్టం, దాన్ని దాచాలంటే మనిషి కాదు, బీరువా కావాలి. అద్దం ముందు నిలబడి చూసుకోమన్నాడు అంగడాయన. చిన్నాయన ఒప్పుకోలేదు. ఆయనకు మాట కంటే ముందు చేతులు వచ్చేవి. పొలం నుంచి వస్తే అన్నను కావలించుకోవడం, సంతకు పోతే కావలించుకోవడం, పంట బాగా వస్తే ఎత్తి తిప్పడం. అద్దంలో కనపడకపోతే ఏమి లాభం, పట్టుకుంటే తెలియకూడదు గదా అని, ఒక్కొక్కటే నాయన చొక్కా లోపల పెట్టించి, అంగడి నడిమధ్యన అన్నను ఆలింగనం చేసుకోసాగాడు.

"దీంతో ఐతే నువ్వు నిండు చూలాలి మాదిరి ఉండావన్నా, తియ్ తియ్" అని పెద్దదాన్ని పక్కన పెట్టించాడు. రెండోది పక్కటెముకలకు గుచ్చుకుందన్నాడు. మూడోది పొట్టిది, అరచేతిలో ఇమిడేది. దాన్ని పెట్టించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అన్నను వదల్లేదు. అంగడాయన దగ్గాడు.

"ఇదే తీసుకోన్నా. నాకైతే రవ్వంత తెలుస్తాండాది గానీ, పరాయోనికి తెలీదు. నీ ఒళ్ళు నాకు తెల్సినట్ల ఎవనికి తెలుస్తాది?"

"నీకు తెలిస్తే ఏమిరా, నువ్వు నన్ను కొట్టేకి వస్తావా?" అన్నాడు నాయన. ఇద్దరూ విరగబడి నవ్వారు.

బనియనుకు ఎడమ చంక కింద లోపలి జేబు కుట్టించింది కూడా చిన్నాయనే. మొదట్లో నాయన దాని బరువుకు ఒక పక్కకు వాలి నడిచేవాడు. కొన్నాళ్ళకు అది మొలతాడు లాగా ఒంట్లో కలిసిపోయింది. మొలతాడు ఉందని ఎవరికైనా గుర్తుంటుందా?

తర్వాత వానలు మొహం చాటేశాయి. మా ఊళ్ళో అప్పుడు వేసిన బోర్ల లోతుకు, పాతాళంలో ఉన్నవాళ్ళు పైకి చూసి "ఎవరప్పా అది" అని అడిగి ఉండాలి. చిన్నాయన మా గట్టు పక్కనే బోరు వేయించాడు. అందులో నీళ్ళు పడిన వారానికే మా బోరు గాలి కక్కింది. నాయన ఒక మాటన్నాడు, చిన్నాయన రెండన్నాడు, గట్టు మీద అడ్డంగా ముళ్ళకంప పడింది. ఒకే వీధిలో ఉంటూ, ఒకరు వస్తుంటే ఒకరు పక్కకు తిరిగిపోతూ ఏళ్ళు గడిపారు. ఆ ఏళ్ళలో నాయనను కావలించుకున్న మనిషి లేడు. మా వైపు మగవాళ్ళకు అది అలవాటు లేని పని, ఆ ఒక్క పిచ్చోడు తప్ప.

చివరికి ఒక ఏడు వాన దంచి కొట్టింది. రెండు బోర్లూ నీళ్ళు పోశాయి. ఇంకా దేనికి ఈ పంతమని అమ్మ పట్టుబట్టింది. నాయన తాడిపత్రి మార్కెట్టు నుంచి వస్తూ, ఇల్లు చేరితే మనసు మారుతుందేమోనని, బండి నేరుగా చిన్నాయన ఇంటికి పోనిమ్మన్నాడు. నడిపింది నేనే. మమ్మల్ని చూసి చిన్నాయన చేతిలోని చెంబు అక్కడే వదిలేసి, "అన్నా, వస్తివా" అంటూ పరిగెత్తుకొచ్చి నాయనను చుట్టేశాడు. ఆయన ఏడుపు నాకు వినిపించింది. తర్వాత ఆ ఏడుపు ఆగింది. ఆయన కుడి చెయ్యి నాయన ఎడమ చంక కింద ఆగిపోయి ఉంది.

"నా ఇంటికి గూడా దీన్నేసుకొనే వస్తివా అన్నా?"

నాయనకు అప్పుడు గుర్తొచ్చింది అది ఉందని. మార్కెట్టు నుంచి వస్తున్నామని నేను చెప్పబోయాను. చిన్నాయన వినలేదు, కోప్పడనూ లేదు. రెండడుగులు వెనక్కి వేసి, నాయన ఒక్కడినే చూస్తూ, "రాండి, కూర్చోండి. మజ్జిగ తాగుతారా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అన్నను ఆయన మీరు అన్నది అదే మొదలు. మజ్జిగ తాగాము. అంత పుల్లటి మజ్జిగ ఈ భూమ్మీద ఏ ఆవూ ఇచ్చి ఉండదు.

ఆ మర్నాడే నాయన రివాల్వరు స్టేషనులో అప్పగించి, మళ్ళీ తెచ్చుకోలేదు. ఆ సంగతి చిన్నాయనకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. ఆ మరుసటి ఎండాకాలంలో, బోరు దగ్గర మోటారు వేయబోతూ గుండె పట్టుకుని చిన్నాయన కూలిపోయాడు.

నాయన ఆ ఇంటి గడప దగ్గర ఆగాడు. జనమంతా చూస్తుండగా చొక్కా విప్పాడు, బనియను విప్పాడు, రెండూ మట్టిలో పారేసి, నెరిసిన రొమ్ముతో లోపలికి పోయి తమ్ముడి మీద వాలిపోయాడు. బిగుసుకుపోయిన ఆ చేతిని ఎత్తి తన చంక కింద పెట్టుకుంటూ, "చూడురా, ఏమీ లేదురా, తడిమి చూడురా" అని అరిచాడు. ఎంతమంది పట్టి లాగినా లేవలేదు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

కలెక్టరాఫీసులో నాకు అక్కర్లేదని సంతకం పెట్టి బయటికొచ్చాను. ఇప్పుడు ఆఫీసుకు పోయినా, సినిమాకు పోయినా, విమానం ఎక్కినా ముక్కూ మొహం తెలియని ఎవరో ఒకరు చంకలు తడిమి పొమ్మంటున్నారు. మనం చేతులెత్తుతాం, నవ్వుతాం, పోతాం. మనసు నొచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. చెయ్యి ఆగినంత మాత్రాన ప్రాణం విరిగిపోయేంత దగ్గరితనం ఎవరి మధ్యా మిగిలినట్టు లేదు. గేటు దగ్గర ఆ కుర్రాడు పోతున్నవాళ్ళను వదిలేసి, వస్తున్నవాళ్ళనే తడుముతున్నాడు. నేను మాత్రం అతని ముందు ఒక్క క్షణం నిలబడ్డాను, చేతులు కొంచెం ఎత్తి.

"అయిపోయింది సార్, పోండి" అన్నాడు.